ఓడ వెళ్లిపోయింది, బాకీ మిగిలింది: పరాయి దేశం మీద విశాఖలో దావా పడుతుందా?

ప్రశ్న:

విశాఖపట్నం వన్‌టౌన్ నుంచి ఒక గృహిణి ఆరు పేజీల ఉత్తరం రాశారు. మనుషుల్ని, ఓడని, దేశాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి సారం మాత్రం ఇస్తున్నాం.

ఆమె భర్త ఇరవై రెండేళ్లుగా షిప్ చాండ్లర్. పోర్టుకు వచ్చే ఓడలకు కూరగాయలు, మాంసం, పాలు, మంచినీళ్లు ఎక్కించడం, సిబ్బంది బట్టలు ఉతికించి ఇవ్వడం, చెత్త దించుకోవడం ఆయన వ్యాపారం. ఒక విదేశీ నౌకాదళం ఓడ విశాఖలో నాలుగు రోజులు ఆగింది. ఇక్కడి షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో ఇండెంటు (కావలసిన సరుకుల ఆర్డరు) వచ్చింది, ఈయన సరుకు ఎక్కించారు. మొత్తం బిల్లు 38,40,000 రూపాయలు. ముందుగా వచ్చింది 11 లక్షలు. మిగతా 27,40,000 ముప్పై రోజుల్లో ఇస్తామన్నారు. బిల్లు ఇచ్చి రెండేళ్ల మూడు నెలలైంది, ఒక్క రూపాయి రాలేదు. ఈ మధ్యలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పనిచేయదు, మాట తడబడుతుంది, బుర్ర మాత్రం చురుగ్గానే ఉంది. పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వాళ్ల అప్పు తీర్చడానికి ఆమె బంగారం బ్యాంకులో పెట్టారు.

ఏజెంటు ‘డబ్బు ఎంబసీ నుంచి రావాలి, మాదేముంది’ అంటున్నాడు. ఢిల్లీలోని ఎంబసీకి రెండు మెయిళ్లు పెడితే, ‘ఈ విషయం మా ప్రధాన కార్యాలయం పరిశీలనలో ఉంది’ అని ఒక్కటే జవాబు. ఒక వకీలు ‘దేశాల మీద కేసు పడదు, వదిలేయండి’ అన్నారు. మరిది ‘ఆ ఓడ మళ్లీ వస్తే కోర్టుకెళ్లి ఆపించేద్దాం’ అంటున్నారు. పక్కింటాయన ‘ఒక విదేశీ ఎయిర్‌లైన్స్ మీద కన్స్యూమర్ కోర్టులో గెలిచారు, మీరూ అక్కడికే వెళ్లండి’ అన్నారు. వీటన్నిటికీ తోడు వాళ్లమ్మాయికి అదే దేశంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఇంగ్లిష్ బాగా వచ్చని ఈ కేసుకు ఆమె పేరునే జీపీఏ (తండ్రి తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాయిద్దామనుకున్నారు. కేసు వేస్తే పిల్ల వీసా పోతుందేమోనని భయం. ‘వెయ్యాలా, వదిలెయ్యాలా?’ అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీకు సలహా చెప్పిన ముగ్గురూ తలా ఒక ముక్క నిజం చెప్పారు. చిక్కల్లా, ఆ మూడు ముక్కలూ మూడు వేర్వేరు చట్టాలవి. మీ బాకీకి ఏది ఎంతవరకు అతుకుతుందో చూద్దాం. దానికంటే ముందు, మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మీకు బాకీ పడింది ఆ దేశమా, ఏజెంటా? అందరూ దేశం గురించే మాట్లాడారు. నాకైతే మీ డబ్బు దారి ఏజెంటు ఆఫీసు గుమ్మం మీదుగానే ఉన్నట్టు కనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

మొదట వకీలుగారి మాట. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 86వ సెక్షన్ ఉంది. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి రాతపూర్వకంగా ధ్రువీకరించిన అనుమతి లేకుండా విదేశీ రాజ్యం మీద మన కోర్టుల్లో దావా వేయకూడదంటుంది. అంటే ‘పడదు’ అని కాదు, ‘అడిగి వేయాలి’ అని. ఓడ, దాని కెప్టెన్, రక్షణ శాఖ, ఎంబసీ, వీటిలో ఎవరి పేరు పెట్టినా చట్టం కళ్లకు అది ఆ రాజ్యమే. మరి సరుకులు కొనడం వ్యాపారం కదా, దానికీ రాజ్య మర్యాదలేనా అని మీకు అనిపించొచ్చు. అమెరికా 1976లో, బ్రిటన్ 1978లో చట్టాలు చేసుకుని, వ్యాపార లావాదేవీల్లో విదేశీ ప్రభుత్వాన్ని మామూలు బాకీదారులాగే చూడమని కోర్టులకు చెప్పేశాయి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2004 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 2007లో సంతకం చేసింది కానీ ఆమోదముద్ర వేయలేదు. ఆ ఒప్పందమే ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి ఇక్కడ తాళంచెవి కోర్టు దగ్గర కాదు, ఢిల్లీలో విదేశాంగ శాఖ దగ్గర ఉంది. టీ వ్యాపారం ఒప్పందం తగాదాలో అప్పటి యునైటెడ్ అరబ్ రిపబ్లిక్ (ఈజిప్టు) పైన కలకత్తాలో వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వ్యాపారమే అయినా అనుమతి తప్పదని 1965లో తేల్చారు.

ఆ అనుమతి కూడా అడిగిన వాళ్లందరికీ ఇవ్వరు. ఆ రాజ్యం ఇదే కోర్టులో మీ మీద ముందుగా దావా వేసి ఉండాలి. లేదా ఆ కోర్టు పరిధిలో వ్యాపారం చేస్తూ ఉండాలి. లేదా పరిధిలో ఉన్న స్థిరాస్తి దాని స్వాధీనంలో ఉండి, ఆ ఆస్తికి సంబంధించిన తగాదా అయి ఉండాలి. అదీ కాకపోతే, ఈ రక్షణను స్పష్టంగా గానీ, ప్రవర్తన ద్వారా గానీ వదులుకుని ఉండాలి. ఈ నాలుగిట్లో ఒక్కటైనా కనబడితే తప్ప ప్రభుత్వం సరే అనకూడదని సెక్షన్ అంటోంది. మీకు మొదటిదీ మూడోదీ వర్తించవు. నాలుగు రోజులు ఆగిన యుద్ధనౌక తిండి గింజలు కొంటే అది ‘విశాఖలో వ్యాపారం చేయడం’ అవుతుందా? వాదించొచ్చు, కానీ గట్టి వాదన కాదు. ఇక నాలుగోది. ఇండెంటులోగానీ దానికి జతచేసిన షరతుల్లోగానీ ‘విశాఖపట్నం కోర్టుల పరిధి’ అనో ‘ఆర్బిట్రేషన్ ద్వారా పరిష్కారం’ (కోర్టు బయట తీర్పరి తేల్చడం) అనో ఉందేమో వెతకండి. ‘భారత చట్టాలు వర్తిస్తాయి’ అన్న ఒక్క ముక్కే ఉంటే సరిపోదు. ఏ చట్టం వర్తిస్తుందన్నది ఒకటి, ఏ కోర్టుకు లోబడతారన్నది మరొకటి.

ఆర్బిట్రేషన్ అన్న మాట ఉంటే మీ కేసు రూపమే మారిపోతుంది. ఢిల్లీలోని ఒక ఎంబసీ భవనం పనులు చేసిన కాంట్రాక్టు కంపెనీకి ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే తీర్పరి తీర్పు, వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 86వ సెక్షన్ అనుమతి అక్కర్లేదనీ, వ్యాపార ఒప్పందంలో పుట్టిన అవార్డుకు రాజ్య రక్షణ అడ్డు చెప్పలేరనీ 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది ఢిల్లీ హైకోర్టు మాట, మన హైకోర్టును కట్టేయదు. అయినా చేతిలో ఉంటే బలమే.

మరిదిగారి ఆలోచన మన ఊరివాళ్లకు సహజం. ఓడని పట్టుకోవడంలో విశాఖకు చరిత్రే ఉంది. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడను 1984లో హైదరాబాద్ హైకోర్టు ఆదేశంతో మన పోర్టులోనే నిలిపారు. తగాదా గోవా నుంచి పోయిన సరుకు గురించి. బ్యాంకు గ్యారంటీ ఇచ్చాకే ఓడ కదిలింది. ఆ కేసులోనే 1992లో సుప్రీంకోర్టు మన హైకోర్టుల నౌకా అధికారాన్ని విశాలంగా గుర్తించింది. ఇప్పుడు 2017 నాటి అడ్మిరాల్టీ (నౌకా తగాదాల) చట్టం ఉంది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఓడకు సరఫరా చేసిన సరుకులు, నీళ్లు, సేవల బాకీకి ఓడను అరెస్టు చేయించే హక్కు అందులో రాసే ఉంది. కానీ అది వర్తక నౌకలకు. ఎలిజబెత్ వర్తక నౌక. మీ వారు సరుకు ఎక్కించింది యుద్ధనౌకకు. పరాయి దేశపు యుద్ధనౌక ఎక్కడున్నా ఆ దేశపు నేలలాగే దానికి రక్షణ ఉంటుంది. 2012 అక్టోబరులో ఘనాలోని తెమా రేవులో అర్జెంటీనా నౌకాదళ శిక్షణ ఓడ లిబర్తాద్‌ను అప్పులవాళ్లు కోర్టు ఆదేశంతో ఆపించారు. అర్జెంటీనా అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి వెళ్తే, డిసెంబరు 15న వెంటనే వదిలేయమని ఆదేశం వచ్చింది. కోట్ల డాలర్లు రావాల్సిన ఆ పెద్ద పెట్టుబడి ఫండు వల్లే కాలేదు. ఈ దారి మూసుకుపోయింది, దీని మీద లాయరు ఫీజు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. (ఆ దేశ ప్రభుత్వానికే చెందిన సరుకు రవాణా ఓడ అయ్యుంటే కథ వేరేగా ఉండేది. మీ మిగతా బాకీల్లో అలాంటివి ఉంటే మరిదిగారి సలహా పనికొస్తుంది.)

పక్కింటాయన చెప్పిన ఎయిర్‌లైన్స్ కేసు నిజమే. బొంబాయి నుంచి దారెస్సలామ్‌కు పంపిన రంగుల సరుకు విషయంలో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ మీద వేసిన ఫిర్యాదు అది. కన్స్యూమర్ ఫోరానికి వెళ్లడానికి 86వ సెక్షన్ అడ్డు రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడ ఫిర్యాదు చేసింది సేవ కొనుక్కున్నవాడు. మీరు అమ్మినవాళ్లు. అమ్మినవాడు కన్స్యూమర్ కాడు, అంతే.

ఇప్పుడు ఏజెంటు దగ్గరికి వద్దాం.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 230వ సెక్షన్ ఉంది. మామూలుగా ఏజెంటు తన యజమాని తరఫున చేసిన ఒప్పందానికి సొంతంగా బాధ్యుడు కాడంటుంది. మీ ఏజెంటు పాడుతున్న పాట ఇదే. కానీ అదే సెక్షన్ కింద మూడు సందర్భాలు చెప్పి, వాటిలో ఏజెంటే బాధ్యుడని ముందుగా అనుకోవాలంటుంది. విదేశంలో ఉండే వర్తకుడి కోసం సరుకు కొన్నప్పుడు. యజమాని పేరు బయటపెట్టనప్పుడు. యజమాని పేరు చెప్పినా అతని మీద దావా వేయడానికి వీల్లేనప్పుడు. ఆ మూడోది మళ్లీ చదవండి. ఏ రక్షణను చూపించి మిమ్మల్ని వెనక్కి పంపుతున్నారో, ఆ రక్షణే ఏజెంటును ముందుకు లాగుతోంది.

ఇది పక్కాగా గెలిచే కేసని మాత్రం అనను. ఏజెంటు తరఫు వకీలు రెండు మాటలు అంటాడు. ఒకటి, ‘దావా వేయడానికి వీల్లేకపోవడం కాదు, అనుమతి తెచ్చుకుని వేయొచ్చు కదా’ అని. రెండోది, ఇండెంటు కింద సంతకం పక్కన ‘కేవలం ఏజెంట్లుగా’ అని రాసి ఉంటే, బాధ్యత తీసుకోలేదని చెప్పే రాత అదిగో అని చూపిస్తాడు. ఆ ముందస్తు ఊహను తిప్పికొట్టే వీలు అతనికి ఉంది. అందుకే అతను ఈ వ్యవహారంలో ఏజెంటులా కాక కొనుగోలుదారులా నడిచిన గుర్తులు మీరు వెతకాలి. అవి మీ ఇంట్లోనే ఉంటాయి.

బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఆ 11 లక్షలు ఎవరి ఖాతా నుంచి పడ్డాయో చూడండి. ఏజెంటు ఖాతా నుంచైతే ఆ వరుస చుట్టూ గీత గీసి పెట్టుకోండి. తర్వాత బిల్లులు. మీరు పంపిన ఫొటోలో బిల్లు పైన ఓడ పేరు, దాని కింద ‘కేరాఫ్’ అని ఏజెంటు కంపెనీ పేరు ఉన్నాయి. అది రెండు వైపులా కోసే కత్తి. కానీ జీఎస్టీ నంబరు గడిలో ఎవరి నంబరు వేశారు? ఫొటోలో ఆ భాగం మడతలో పోయింది. ఏజెంటు నంబరు వేసి మీ ఆడిటరు రిటర్నులో చూపించి ఉంటే, ఆ కొనుగోలు మీద పన్ను క్రెడిట్ ఏజెంటు తీసుకుని ఉండొచ్చు. క్రెడిట్ తీసుకున్నవాడు ‘నేను కొనలేదు’ అనడం కష్టం. అలాగే మీ వారి పాన్ మీద ఆ సంవత్సరపు ఫారం 26ఏఎస్ దించుకోండి. లాండ్రీ, చెత్త పనుల బిల్లు మీద ఏజెంటు టీడీఎస్ కోసి ఉంటే అందులో అతని పేరుతో కనిపిస్తుంది. ఎవరి బాకీనో తీరుస్తున్నట్టుగా కాక, తన ఖర్చుగా లెక్కల్లో రాసుకున్నాడనడానికి అది ఆనవాలు.

ఇంకొకటి, మీ వారికి తెలిసే ఉంటుంది, అడగండి. ఓడ రాకముందే ఏజెంట్లు అంచనా ఖర్చుల పట్టీ యజమానికి పంపి డబ్బు తెప్పించుకుంటారు. ఓడ వెళ్లాక రసీదులన్నీ జతచేసి తుది పట్టీ పంపుతారు. డిస్బర్స్‌మెంట్ అకౌంట్ అంటారే, అదే. మీ 38 లక్షల బిల్లు ఆ తుది పట్టీలో చేరి ఎంబసీకి వెళ్లే ఉంటుంది. ఎంబసీ ఆ డబ్బు ఏజెంటుకు ఎప్పుడో ఇచ్చేసిందేమో! కావాలని ఎవరినీ అనుమానించమని చెప్పడం లేదు. కానీ ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తున్నప్పుడు, మధ్యలో డబ్బు ఎక్కడ ఆగిందో కనుక్కోకుండా దావా వేయడం చీకట్లో రాయి విసరడమే.

కాబట్టి ఈ వారంలో చేయాల్సిన పని ఒక్కటే. ఎంబసీకి మూడో ఉత్తరం. ఇదివరకటిలా ‘దయచేసి చెల్లించండి’ అని కాదు. ఒకే ప్రశ్న: ఫలానా తేదీల్లో ఫలానా ఓడకు చేసిన సరఫరాలకు సంబంధించి ఏజెంటుకు మీరు ఇప్పటిదాకా ఎంత చెల్లించారు, ఏ తేదీన? రాయబారి పేరుకు స్పీడ్ పోస్టులో పంపి, రక్షణ విభాగపు అతాషేకు (ఎంబసీలోని సైనిక అధికారికి), మన విదేశాంగ శాఖ ప్రోటోకాల్ విభాగానికి నకళ్లు పెట్టండి. ‘చెల్లించాం’ అని జవాబొస్తే మీ కేసు ఏజెంటు మీద మామూలు బాకీ కేసుగా తేలిపోతుంది. ‘ఇంకా చెల్లించలేదు, చెల్లిస్తాం’ అని వస్తే అది ఇంకా మంచిది. బాకీని ఒప్పుకుంటూ సంతకంతో ఇచ్చిన రాత నుంచి, దావా వేసే గడువు ఇంకా మిగిలి ఉన్నప్పుడు వస్తే, మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. మీకు ఇంతకుముందు వచ్చిన ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు ఆ కోవలోకి రాదు. అందులో బాకీ ఉందన్న ఒప్పుకోలు లేదు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

గడువు సంగతి వేలి మీద లెక్కపెట్టుకోవాల్సిందే. సరుకులకు ముప్పై రోజుల అరువు అని రాసి ఉంది కాబట్టి, ఆ ముప్పై రోజులు ముగిశాక మూడేళ్లు. బిల్లు ఇచ్చి రెండేళ్ల మూడు నెలలైంది, అంటే ఇంకా పది నెలలు. కానీ లాండ్రీ, చెత్త బిల్లుల మీద అరువు మాట రాయకపోతే పని పూర్తయిన రోజు నుంచే లెక్క, అక్కడ తొమ్మిది నెలలు కూడా ఉండకపోవచ్చు. చిన్నదాన్నే గడువు అనుకోండి.

ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. విదేశాంగ శాఖకు అనుమతి కోసం దరఖాస్తు చేస్తే, జవాబు వచ్చేదాకా పట్టిన కాలాన్ని దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్ లెక్కలోంచి తీసేస్తుంది. అది విని ‘అయితే తొందర లేదు’ అనుకుంటారు. ఆ మినహాయింపు అనుమతి అవసరమైన దావాకే, అంటే ఆ దేశం మీద వేసే దావాకే. ఏజెంటు మీద దావాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి అతని గడియారం ఆగదు. ఢిల్లీ నుంచి ఉత్తరం కోసం ఏడాది ఎదురుచూసి, చివరికి కాదన్న జవాబు వచ్చేసరికి, ఇక్కడ ఏజెంటు మీద గడువు కూడా దాటిపోయి, రెండిందాలా చెడినవాళ్లు అవుతారు.

అందుకని ఏజెంటు సంగతి ముందు. వకీలు ద్వారా నోటీసు ఇప్పించండి. అందులో బాకీ మొత్తంతో పాటు వడ్డీ కూడా అడుగుతున్నామని రాయించండి. ఒప్పందంలో వడ్డీ మాట లేనప్పుడు, 1978 వడ్డీ చట్టం కింద రాతపూర్వకంగా అడిగిన నోటీసు నుంచే వడ్డీ లెక్కకొస్తుంది. మూడు లక్షలు దాటిన వ్యాపార తగాదా కాబట్టి ఇది విశాఖలోని కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. నేరుగా దావా వేస్తే తిప్పికొడతారు. అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్‌కు) వెళ్లాలని కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ చెప్తోంది. అది తప్పనిసరని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇస్తారు. మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో రెండు. ఆ కాలం గడువులో కలవదు. ఏజెంటు రాకపోతే రాలేదని రిపోర్టు ఇస్తారు, దాంతో దావా వేయొచ్చు.

ఆ మధ్యవర్తిత్వాన్ని తంతుగా చూడకండి. ఏజెంటుకు పోర్టులో పేరు ముఖ్యం, ఆ దేశపు ఎంబసీతో వ్యాపారం ముఖ్యం. తన తుది పట్టీ కోర్టులో బయటపెట్టమని అడిగే రోజు రావడం అతనికి ఇష్టం ఉండదు. ఇరవై లక్షల దగ్గర తెగితే తెంచుకోమనే నేనంటాను. ఇది చట్టం మాట కాదు, నా అభిప్రాయం. అక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది, మాట తప్పితే నేరుగా అమలుకే వెళ్లొచ్చు. ఒక సంగతి, వాయిదాల్లో ఇస్తానంటే మొదటి వాయిదా చెక్కు చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.

లాయరు ఫీజు గురించి రాశారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కానీ, ఇక్కడ వాది మీరు కాదు, మీ వారు. అయితే వికలాంగులకూ ఆ హక్కు ఉంది. ఆయనకు సదరం సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే తీసుకోండి, ఇక్కడా పనికొస్తుంది.

ఆ దేశం మీద దారిని పూర్తిగా వదిలేయాలా? వదలక్కర్లేదు, దాని మీదే ఆధారపడొద్దు. విదేశాంగ శాఖ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వడం పెద్ద ఖర్చు పని కాదు. దావా ముసాయిదా, ఇండెంటు మెయిలు, డెలివరీ నోట్లు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఎంబసీతో నడిచిన ఉత్తరాలు జతచేయాలి. పైన చెప్పిన నాలుగిట్లో ఏ కారణం కింద అడుగుతున్నారో స్పష్టంగా రాయాలి. చాలా దరఖాస్తులు కష్టాలన్నీ చెప్పి ఈ ఒక్కటీ మర్చిపోతాయి. ప్రభుత్వం కాదనే ముందు మీ వాదన వినాలని 86వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ చెప్తోంది. ఢిల్లీలో అల్జీరియా ఎంబసీకి మరమ్మతు పనులు చేసి డబ్బు రాని ఒకాయన ఇలాగే అనుమతి అడిగితే, రాజకీయ కారణాల వల్ల ఇవ్వలేమని ఒక్క ముక్కలో తోసేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ జవాబు చెల్లదని, కారణాలతో మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపింది. మీకూ అలాంటి జవాబే వచ్చినా, అసలు జవాబే రాకపోయినా, హైకోర్టులో రిట్ వేసే ఆధారం ఉంది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. అనుమతి వచ్చి, దావా గెలిచి, డిక్రీ చేతికొచ్చినా, ఆ దేశపు ఆస్తి మీద దాన్ని అమలు చేయడానికి మళ్లీ విడిగా అనుమతి కావాలి. ఎంబసీ భవనాన్నీ సామాన్లనూ వియన్నా ఒప్పందం కాపాడుతుంది, 1972లో మన చట్టం దాన్ని ఇక్కడ అమల్లోకి తెచ్చింది. రెండు తలుపులు, రెండింటికీ తాళంచెవి ఒకరి దగ్గరే. అయినా దరఖాస్తు వల్ల ఇంకో లాభముంది. విదేశాంగ శాఖ సాధారణంగా దాన్ని ఎంబసీ ముందు పెట్టి అభిప్రాయం అడుగుతుంది. ‘పరిశీలనలో’ ఉన్న ఫైళ్లు కొన్ని అప్పుడు కదులుతాయి.

వీసా విషయం. బాకీ దావా నేరం కాదు, మీ అమ్మాయి ఆ కేసులో ఎవరూ కాదు. కానీ వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ దేశం ఇష్టం, ఏమీ కాదని మీకు హామీ ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు. అందుకే ఆమె పేరున జీపీఏ రాయించే ఆలోచన మానుకోండి. మీ పేరునే రాయించుకోండి. ఆయన ఎడమ చేతి వేలిముద్రతో సబ్‌రిజిస్ట్రార్ ముందు రాయొచ్చు. నడవలేకపోతే ఇంటికొచ్చి తీసుకోమని అడగొచ్చు. జీపీఏ ఉన్నంత మాత్రాన ఆయనకు మాత్రమే తెలిసిన సంగతులకు మీరు సాక్ష్యం చెప్పలేరు. జెట్టీ మీద సరుకు అప్పగించిన సూపర్‌వైజర్ ఇంకా మీ దగ్గరే ఉన్నాడా? అతనే మీ అసలు సాక్షి. ఊరు మారకముందే ఫోన్ నంబరు, చిరునామా రాసి పెట్టుకోండి. ఇక వరుస కూడా మీకు కలిసొస్తోంది. ముందు ఏజెంటు మీద మధ్యవర్తిత్వం, ఆ కాగితాల్లో ప్రతివాదిగా ఆ దేశం పేరు ఉండదు. అమ్మాయి వీసా తేలేదాకా విదేశాంగ శాఖ దరఖాస్తును రెండు మూడు నెలలు ఆపినా, ఆ దేశం మీద గడువు దాటనంత వరకు పోయేదేమీ లేదు. ఎంబసీకి ప్రశ్న ఉత్తరం మాత్రం ఆపకండి, అది దావా కాదు.

ఇండెంటు, జవాబులు అన్నీ మెయిళ్లలోనే ఉన్నాయి కాబట్టి ఆయన మెయిల్ పాస్‌వర్డ్ పోగొట్టుకోకండి. ప్రింట్లు చాలవు. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద రెండు భాగాల సర్టిఫికెట్ జతచేయాలి, ఒకటి మీ వైపు నుంచి, రెండోది నిపుణుడి నుంచి. ఆ ఫోనుగానీ కంప్యూటర్‌గానీ అమ్మేయకుండా అలాగే ఉంచండి.

చివరగా ఆ పసుపు రంగు డెలివరీ నోట్లు. ఫొటోలో ఓడ గుండ్రటి స్టాంపు, సప్లై ఆఫీసరు సంతకం, ‘క్యాబేజీ 420 కిలోలు’ అని పెన్సిల్‌తో దిద్దిన అంకె కనిపిస్తున్నాయి. కార్బన్ కాపీలవి, విశాఖ ఉప్పుగాలికి ఇప్పటికే వెలిసిపోతున్నాయి. ఒక్కోటి విడిగా స్కాన్ చేయించి, అసలువి పొడి కవర్లో, ఒక దాని మీద ఒకటి అంటుకోకుండా తెల్లకాగితం మధ్యన పెట్టి దాచండి. పాడవుతాయని లామినేషన్ మాత్రం చేయించకండి. కోర్టులో ఎగ్జిబిట్ ముద్ర ఆ కాగితం మీదే వేయాలి, ప్లాస్టిక్ మీద కాదు.